సబ్బాతు నాడు మోగని కొమ్ము

యూదుల నూతన సంవత్సర పర్వదినం రోష్ హషానా. ఆనాడు షోఫార్ అనే పొట్టేలు కొమ్మును ఊదడం విధి. అయితే పండుగ సబ్బాతు నాడు, అంటే శనివారపు విశ్రాంతి దినాన వస్తే? మిష్నా అనే ధర్మసంహిత ప్రకారం అప్పుడు జెరూసలేం దేవాలయంలో ఊదేవారు. బయటి ఊళ్లలో ఊదేవారు కాదు. కొమ్మును వీధిలో మోసుకుపోతే విశ్రాంతి నియమం భంగమవుతుందని తర్వాతి పండితులు కారణం చెప్పారు.

క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని ధ్వంసం చేశారు. మరి సబ్బాతు నాడు కొమ్ము మూగబోవలసిందేనా? న్యాయసభ ఉన్న ప్రతిచోటా ఊదాలని యోహనాన్ బెన్ జక్కాయ్ అనే పండితుడు శాసించాడు. ఆలయపు అధికారం ఆ విధంగా పండితుల సభకు సంక్రమించింది. కాలక్రమంలో ఆ మినహాయింపు వాడుక తప్పింది. 2023 సెప్టెంబరు 16 శనివారం సంప్రదాయ యూదులు కొమ్ము ఊదలేదు. పండుగ రెండవ రోజైన ఆదివారం ఊదారు. ఆలయం కూలినా ఆచారం ఎలా నిలిచిందో గమనించండి.