హృదయమును కప్పిన మేదస్సు

మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరు పేరు మన పాఠశాలల పిల్లలకు సైతము సుపరిచితమే గాని, ఆ మహనీయుడు గుండెనొప్పి రహస్యమును అంతకు ముందే తడవి చూచిన సంగతి వైద్యచరిత్ర చదివినవారికి దక్క అన్యులకు అంతగా దెలియదు.

నడచునప్పుడు, అందును భోజనానంతరము మిట్ట యెక్కునప్పుడు, రొమ్మును బిగబట్టి, నిలిచినంతనే విడిచిపెట్టు ఆ వ్యాధిని 1768లో లండనున విలియం హెబర్డెన్ అను వైద్యుడు సవిస్తరముగా వర్ణించి నామకరణము చేసెను. కారణము మాత్రము చెప్పజాలడయ్యెను. పల్లెవైద్యుడైన జెన్నరు అట్టి రోగి శవమును పరీక్షించుచు, హృదయమును మొదలికడ అడ్డముగా కోయుచుండగా, కత్తి వాదర ఏదో గరుకు వస్తువునకు తగిలి నొక్కుపడెను. కప్పు పాతబడి పెచ్చులూడుచుండుటచే సున్నము రాలినదేమో యని ఆయన తలయెత్తి చూచెనట! రాలినదేమియు లేదు, హృదయధమనులే యెముకవలె గట్టిపడి యుండెను. ఈ వ్యాధిచే మరణించినవారి హృదయములు మిక్కిలి కొవ్వుపట్టి యుండుననియు, ధమనులు ఆ కొవ్వులో మునిగి యుండుటచేతనే పూర్వపరీక్షకుల కంటబడలేదేమో యనియు ఆయన యొక లేఖలో వ్రాసెను. అయినను ఆ యూహను బాహాటముగా ప్రకటింప వెనుదీసెను. ఏలయన గురువైన జాన్ హంటరు స్వయముగా ఆ వ్యాధిచే బాధపడుచుండెను. 1793లో హంటరు మరణించిన పిమ్మట చూడగా ఆయన ధమనులును గట్టిపడియే యుండెను. శిష్యుని మౌనము గురుభక్తియే యగుగాక, దానివలన శాస్త్రమునకు గలిగిన యాలస్యము స్వల్పము గాదు. కత్తి నొక్కుపడిన వృత్తాంతము 1799లో మిత్రుడు కేలబ్ ప్యారీ గ్రంథమున వెలువడెను.

పందొమ్మిదవ శతాబ్దిలో కొవ్వుపై నేరము మోపబడెను గాని, ఆ నేరము వేఱు. హృదయముపై పేరుకొను కొవ్వును, కండయే క్షీణించి కొవ్వుగా మారు దోషమును లెనెక్ వంటి వైద్యులు వేఱుపఱచి చూపిరి. 1850లో రిచర్డ్ క్వెయిన్ ఈ విషయమును విపులముగా చర్చించెను. 1933 నాటికిని, మేయో క్లినిక్ వైద్యులు స్మిత్, విలియస్ 136 మంది స్థూలకాయులను పరిశీలించినప్పుడు, కొవ్వు హృదయమునకు బరువగునా యనునదే విచారము. మఱియొకవంక, 1912లో హెరిక్ అను వైద్యుడు హృదయధమనిలో రక్తము గడ్డకట్టుటను గూర్చి వ్రాసిన వ్యాసము వైద్యుల దృష్టిని ధమని లోపలికి మరల్చెను. ధమనిని చూడగోరువాడు మొదట చేయు పని దానిపై కొవ్వును ఒలిచి పాఱవైచుట. శాస్త్రమును చిరకాలము అదే చేసెనని నాకు తోచును.

ఆ పాఱవైచినదానినే 2003లో మజురెక్ ప్రభృతులు పరీక్షకు దెచ్చిరి. బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొనుచున్న 42 మంది హృదయముపై కొవ్వును, వారి కాలిచర్మము క్రింది కొవ్వును పోల్చి చూడగా, వాపును కలిగించు పదార్థములు మొదటిదానియందే అధికముగా నుండెను. ఈ కొవ్వునకును హృదయకండరమునకును నడుమ పొర యేదియు లేదు; రెంటికిని రక్తము పంచు సూక్ష్మనాళములు ఒక్కటియే. కొవ్వు నుండి స్రవించునది ధమని గోడలోనికి వెలుపలినుండి ఇంకవచ్చునను వాదమునకు ఇదియే ఆధారము. కొందఱియందు ధమని కొంతదూరము కండలోనికి దిగి సాగును. కొవ్వు తాకని ఆ భాగము సాధారణముగా పూడిక లేక యుండును. కండ యొత్తిడియే దానికి హేతువని చెప్పువారును గలరు.

మితముగా నున్నప్పుడు ఈ కొవ్వు హృదయమునకు ఇంధనమిచ్చి కాపాడునదే. సి.టి. స్కాను పరీక్షలలో ఇది దట్టముగా నున్నవారియందు ధమనీరోగము హెచ్చుగా కనబడినను, ఇది రోగకారణమో, సహచరమో ఇంకను నిశ్చయముగా తేలలేదు. బరువు తగ్గినవారియందు ఈ పొర పలుచబడుట మాత్రము నిజము.