ఉక్కునగరి పొరుగున కాందిశీకులు

దేశ విభజనానంతర పునరావాస చరిత్రలో శిబిరాలను గూర్చి, భూముల పంపకాన్ని గూర్చి చరిత్రకారులు విస్తారంగా వ్రాశారు. కాందిశీకులకు పని ఏ విధంగా దొరికిందన్న ప్రశ్నను పరిశీలించినవారు తక్కువ. ఆ పరిశీలనకు భిలాయి పరిసరాలు ఎంతో అనువైనవి.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు, నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుండి ఎందరో తెలుగువారు ఉపాధికై అక్కడికి తరలివెళ్లారు. 1931లో పూర్తయిన రాయపూరు–విజయనగరం రైలుమార్గం వారికి దారి అయింది. ముందుగా స్థిరపడిన బంధువో, ఊరివాడో కొత్తగా వచ్చినవానికి నీడనిచ్చి, మేస్త్రీ వద్దకు తోడ్కొనిపోయేవాడు.

అదే కాలంలో మరొక జనప్రవాహం ఈ ప్రాంతానికి చేరింది. తూర్పు పాకిస్తాన్ కాందిశీకుల కోసం కేంద్ర ప్రభుత్వం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను నెలకొల్పింది. 1964 అల్లర్ల అనంతరం వచ్చిన కుటుంబాలెన్నో రాయపూరు చెంతనున్న మానా శిబిరంలో ప్రభుత్వ భత్యంపై రోజులు గడిపాయి. భిలాయి అక్కడికి ఎంతో దూరం కాదు. అయినను వారికై రూపొందిన ప్రణాళికలో ప్రధానమైనది కర్మాగారం కాదు, బస్తరు, కోరాపుట్ అడవులలోని సాగుభూమి.

వారిలో అధికులు నదీతీరాల పల్లపు నేలల్లో వరి పండించినవారు. మెట్టభూములు, నీటివసతి లేని పొలాలు వారి అనుభవానికి పొసగలేదు. సంస్థ అధ్యక్షునిగా పనిచేసిన శైవాల్ కుమార్ గుప్తా ఈ లోపాలను 1965లోనే తన వ్యాసాలలో ఎత్తిచూపారు. 1978లో వేలాది కుటుంబాలు దండకారణ్యాన్ని వీడి సుందరవనాలకు తరలిపోయాయి. అందులో మరిచ్‌ఝాపి ద్వీపానికి చేరినవారిని 1979లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం బలవంతంగా ఖాళీ చేయించింది.

మన ఉపాధి కల్పనా కేంద్రాల పుట్టుక ఇక్కడ స్మరణీయం. 1945లో సైన్యం నుండి విడుదలైన వారికై ఏర్పడిన ఆ వ్యవస్థ, విభజన వేళ నిర్వాసితులకు కూడా తోడ్పడింది. 1948లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అంటే వచ్చినవాని నైపుణ్యమేమిటో అడిగి నమోదు చేసుకొనే పద్ధతి ప్రభుత్వానికి కొత్త కాదు.

వలస కార్మికునికి బంధువర్గం చేసిన సహాయాన్ని, బంధువులే లేని కాందిశీకునికి ప్రభుత్వం చేయవలసి ఉంటుంది. అతనికి ఏమి ఇవ్వాలో నిర్ణయించుటకు ముందు, అతనికి ఏ పని వచ్చునో తెలుసుకొనడం పునరావాసానికి మొదటి మెట్టు.