ద్రాక్షాసవము – రుచి చూచు విద్య

బెళ్ళందూరున స్థిరపడిన మన కుటుంబములకు ద్రాక్ష క్రొత్తది కాదు. బెంగుళూరు పరిసరములందు పండెడు ‘బెంగుళూరు బ్లూ’ ద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన ఆయుర్వేదమున ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము ప్రసిద్ధములైన ఔషధములు. ధాతకీ పుష్పములు చేర్చి వానిని పులియబెట్టుదురు. పరాసుల ద్రాక్షమద్యమునకును మూలము పులియబెట్టుటయే. ఆ క్రియ సూక్ష్మజీవుల వలన జరుగునని లూయీ పాశ్చర్ నిరూపించెను. ద్రాక్షమద్యమును గూర్చిన ఆయన గ్రంథము 1866లో వెలువడినది.

1988లో కన్వల్ గ్రోవర్ నంది కొండల దిగువ, పరాసు జాతుల తీగలతో ద్రాక్షతోటల సంస్థను నెలకొల్పిరి. ఆ ప్రాంతమునకు యాత్రగా వెళ్ళినప్పుడు మేము ఒక ఆస్వాదన పాఠము వింటిమి. గాజుపాత్రను వెలుతురున పట్టి మొదట వన్నె చూడవలెను; పిమ్మట త్రిప్పి పరిమళము నాఘ్రాణింపవలెను; గ్రుక్కెడు మాత్రము నాలుకపై నిలిపి ఉమ్మివేయవలెను. పెక్కు రకములు పరీక్షించువారు మత్తు సోకకుండుటకై ఇట్లు చేయుదురట. మాలో కొందరు పరిమళముతోనే చాలించిరి.

అయితే మన జాతి చరిత్రలో మరియొక అధ్యాయము కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చి, 1997లో ఎత్తివేయబడినది. త్రాగుడు వలన కూలిన కాపురముల గోడే ఆ యుద్యమమునకు బలము.

కనుక రుచి నెరుగుట వేరు, మరగుట వేరు. ఈ భేదమును మన బిడ్డలు వీధిలో నేర్వక మునుపే ఇంటి పెద్దలు తెలియజెప్పుట మేలు.