చదరంగపు గళ్లలోని మహాసంఖ్య



చదరంగపు బల్లమీఁద మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపుగా అఱువదినాలుగు గళ్లను నింపుమని రాజును కోరిన పండితుని కథ మీలోఁ బెక్కుమంది కెఱుకయే. ఆ గింజల లెక్కను మన పెద్దలు చెడకుండ నెట్లు కాపాడిరో నేఁడు మనవి చేసెదను.

ఆ మొత్తము 18446744073709551615. నలువది గింజలు ఒక గ్రామని యెంచినచో, ఇది నలువదియాఱు వేల కోట్ల టన్నులు. ఏఁటికి ఏఁబది కోట్ల టన్నులు తెచ్చి పోసినను తొమ్మిదివందల యేండ్లకు గాని గళ్లు నిండవు.

క్రీ. శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ యను పండితుఁడు ఈ సంఖ్యను గ్రంథస్థము చేసెను. తెలుఁగున దీనిని నిలిపిన చంపకమాల పావులూరి మల్లనదని ప్రసిద్ధి. ఆయన మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెనిఁగించిన కవి. పదునొకండవ శతాబ్దివాఁడని చెప్పుదురు.

తాటాకుమీఁద ఇరువది యంకెలు వ్రాసినచో లేఖకుని చేతిలో ఒకటి జాఱవచ్చును, ఒకటి మాఱవచ్చును. ఆ పద్యములో అంకెలకు బదులు మాటలున్నవి. శరములనఁగా మన్మథుని బాణములు, కావున 5, శశి యొక్కఁడే, కావున 1, వేదములు 4, గగనము శూన్యము, కావున 0. అంకెలకు ఎడమవైపు నడక గనుక మొదటి మాట ఒకట్ల స్థానము. మాట జాఱినచో గణము తప్పును. యతిప్రాసల చోట మాఱినచో చెవియే పట్టును.

నేనొకనాఁడు ఆ రెట్టింపులను కాగితముమీఁద వేయఁగా మొత్తము పద్యముతో కుదురలేదు. మరల చూడఁగా తప్పు నాదే. పైస్థానమునకుఁ జేర్పవలసిన యొకటిని మఱచితిని. పిదప సులువైన త్రోవ తెలిసినది. ఏ గడిలోని గింజలైనను అంతకుముందటి గళ్ల మొత్తముకంటె ఒక్కటే యెక్కువ. కావున అఱువదియైదవ గడి యున్నచో అందుండవలసిన సంఖ్యనుండి 1 తీసివేసినఁ జాలును. 2ను తనతో గుణింపఁగా 4. అట్లే 16, 256, 65536, 4294967296. దానిని మరల తనతో గుణించి 1 తీసివేయుఁడు. ఆఱు గుణకారములతో పని ముగియును.

ఇందువలననే మన సంఖ్య 4294967295, 4294967297 అను రెంటి గుణకారఫలమగుచున్నది. ఈ రెండవదానిని 1 తోను తనతోను తప్ప మఱి దేనితోను భాగింపరాదని పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు గణితజ్ఞుఁడు ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలరు దానిని 641 తో నిశ్శేషముగ భాగించి చూపెను, లబ్ధము 6700417. అంతటివాని నమ్మకమును ఒక భాగహారము త్రోసివేసినది.

కావున మీ యూరిలో ఈ పద్యము వచ్చిన పెద్దలున్నచో పిల్లలకు నేర్పింపుఁడు. వెంటనే పలకమీఁద లెక్కయు వేయింపుఁడు. రెండును కలియనిచో ఎవరిమాటను వట్టిగా నమ్మక, తప్పెక్కడనో వారిచేతనే వెదకింపుఁడు.