పెంపకం నుంచి ఓటు దాకా

పిల్లల్ని అసలు కొట్టకుండా పెంచడం సాధ్యమేనా? 1929లో జర్మనీ కార్మికులకు, చిరుద్యోగులకు పంచడం మొదలుపెట్టిన ఒక ప్రశ్నావళిలో ఇదొక ప్రశ్న. మొత్తం 271 ఉన్నాయి. ఏ పార్టీకి ఓటేస్తారు, రాజ్యంలో అసలు అధికారం ఎవరి చేతుల్లో ఉందనుకుంటున్నారు అని అడుగుతూనే, ఇంటి గోడలకు ఏ పటాలు తగిలించారు, ఆడవాళ్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే మీకు నచ్చుతుందా అని కూడా అడిగారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సామాజిక పరిశోధన సంస్థ తరఫున ఈ సర్వేను నడిపింది మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రోమ్. హిల్డా వైస్ అనే పరిశోధకురాలు అందులో చాలా భారం మోశారు.

రాజకీయాల వెనక మనసు ఎలా పనిచేస్తుందన్న ఆలోచన అంతకుముందే ఉంది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె బాన్ 1895లో గుంపుల మనస్తత్వం మీద పుస్తకం రాశారు. ఓటరు అన్నీ తర్కించి ఓటేస్తాడన్న నమ్మకాన్ని ఇంగ్లండ్‌లో గ్రాహం వాలస్ 1908లో ప్రశ్నించారు. అయితే వాళ్లు చూసి, ఊహించి రాసినవారు. ఫ్రోమ్ బృందం మామూలు మనుషుల్నే అడిగి తెలుసుకోవాలనుకుంది. రాజకీయ మనస్తత్వశాస్త్రానికి నాకు కనిపించే అసలు పునాది ఇక్కడే ఉంది.

జవాబులు కలవరపెట్టాయి. రాజకీయ ప్రశ్నలకు వామపక్ష కార్మికులు పార్టీ చెప్పినట్టే జవాబిచ్చారు. ఇంటి సంగతులు, పిల్లలు, ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి వాళ్లలో చాలామంది స్వరం మారిపోయింది. అన్ని ప్రశ్నలకూ అదే స్వేచ్ఛాభావంతో జవాబిచ్చినవాళ్లు కొద్దిమందే. నియంత వస్తే ఎదురు నిలిచేది ఎంతమంది అన్న భయం అప్పుడే మొదలైంది. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. కొద్ది వారాల్లోనే సంస్థకు తాళం పడింది. పరిశోధకులు జెనీవాకు, అక్కడి నుంచి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరారు. దాదాపు 1,100 జవాబు పత్రాల్లో ఆ పారిపోవడంలో పోయినవి పోగా 584 మిగిలాయి. వాటిని ప్రచురించాలా వద్దా అని సంస్థలోనే గొడవ. 1939లో ఫ్రోమ్ బయటికి వచ్చేశారు. ఆ సర్వే పుస్తకంగా వచ్చింది 1980లో, ఆయన కన్నుమూసిన ఏడాదే. 584 పత్రాలతో ఒక దేశం ఎందుకు లొంగిపోయిందో తేల్చలేం. కానీ రాజకీయాన్ని వంటింట్లో, పిల్లల గదిలో వెతకాలన్న ఆలోచన ఎంత లోతైనదో తర్వాతి యాభై ఏళ్లు చూపించాయి.

రెండో అంకం కాలిఫోర్నియాలో. యూరప్‌లో యూదుల ఊచకోత సాగుతున్న 1944లో అమెరికన్ జ్యూయిష్ కమిటీ ద్వేషం మూలాల మీద పరిశోధనకు పూనుకుంది. ఆ పనికి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన థియొడోర్ అడోర్నో, బర్కిలీలోని నెవిట్ శాన్‌ఫర్డ్, డేనియల్ లెవిన్‌సన్, ఎల్సే ఫ్రెంకెల్-బ్రున్స్‌విక్ కలిశారు. ఎల్సే వియన్నాలో చదువుకుని, హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్న 1938లో దేశం విడిచి వచ్చిన యూదు మహిళ. ఈ నలుగురిలో నాకు ఎక్కువ గౌరవం ఆమె మీదే. పిల్లలకు ఆమె వరసగా బొమ్మలు చూపించారు. మొదటిది కుక్క. ఒక్కో బొమ్మకూ కాస్త కాస్త మారుతూ చివరికి పిల్లి అవుతుంది. ఇతర జాతుల మీద ద్వేషం ఎక్కువున్న పిల్లలు, బొమ్మ మారిపోతున్నా చాలాసేపు కుక్క అనే పట్టుబట్టే ధోరణి చూపారు. అటూ ఇటూ కానిదాన్ని భరించలేకపోవడం, జనాన్ని మనవాళ్లు, పరాయివాళ్లు అని గట్టిగా గీత గీసి చూడటం ఒకే వేరు నుంచి వస్తాయని ఆమె 1949లో వాదించారు.

ఈ బృందం తయారుచేసిందే ఎఫ్ స్కేలు. ఎఫ్ అంటే ఫాసిజం. ఇందులో ఏ జాతి పేరూ, ఏ పార్టీ పేరూ ఉండదు. క్రమశిక్షణ, పెద్దల పట్ల విధేయత, తప్పు చేసినవాడికి పడాల్సిన శిక్ష లాంటివాటి మీద కొన్ని వాక్యాలు ఇచ్చి, ఎంతవరకు ఒప్పుకుంటారో మైనస్ 3 నుంచి ప్లస్ 3 వరకు గుర్తు పెట్టమంటారు. మధ్యలో తప్పించుకోవడానికి సున్నా లేదు. విద్యార్థులు, కార్మిక సంఘాలవాళ్లు, శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలు సహా రెండు వేల మందికి పైగా వీళ్ల ప్రశ్నావళులకు జవాబిచ్చారు. 1950లో దాదాపు వెయ్యి పేజీల పుస్తకం వచ్చింది. అంతకు ముందు ఏడాది నుంచే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం మీద సంతకం చేయమని అధ్యాపకుల్ని అడుగుతోంది. శాన్‌ఫర్డ్ చేయనన్నారు, పుస్తకం వచ్చిన ఏడాదే ఉద్యోగం పోయింది. విధేయత మీద వెయ్యి పేజీలు రాసిన మనిషి, తన వంతు వచ్చినప్పుడు తలవంచలేదు. ఈ శాస్త్రం చరిత్రలో నేను తరచూ తలుచుకునే సంఘటన ఇది.

ఆ స్కేలుకు లోపం లేకపోలేదు. వాక్యాలన్నీ ఒకే దిక్కున ఉండటంతో, ఏది అడిగినా అవునని తల ఊపేవాడికి కూడా నియంతృత్వ ధోరణి ఉన్నట్టే లెక్క తేలుతుంది. కమ్యూనిస్టు నిరంకుశత్వాన్ని ఈ కొలత పట్టుకోదని ఎడ్వర్డ్ షిల్స్ 1954లో విమర్శించారు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో బాబ్ ఆల్టెమేయర్ సగం వాక్యాలను తిరగేసి, ఏళ్ల తరబడి పరీక్షించి, 1981లో కొత్త కొలత ఇచ్చారు. అధికారానికి లొంగడం, అధికారం వేలెత్తి చూపినవాళ్ల మీద విరుచుకుపడటం, ఆచారాన్ని పట్టుకు వేలాడటం: ఆయన మిగిల్చినవి ఈ మూడే.

ఇంతలో మరో చిక్కు బయటపడింది. కొలతలోనే రాజకీయ అభిప్రాయాలు కలిసిపోతే, దేన్నిబట్టి దేన్ని వివరిస్తున్నట్టు? 1992 నుంచి అమెరికా జాతీయ ఎన్నికల అధ్యయనంలో పెంపకం మీద నాలుగు జతల ప్రశ్నలు చేరాయి. పిల్లల్లో ఏది ముఖ్యం: స్వతంత్ర బుద్ధా, పెద్దల పట్ల గౌరవమా? కుతూహలమా, మర్యాదా? సొంత కాళ్ల మీద నిలబడటమా, విధేయతా? ఎదుటివారి బాగోగులు పట్టించుకోవడమా, బుద్ధిగా నడుచుకోవడమా? ఈ నాలుగింటితో స్టాన్లీ ఫెల్డ్‌మన్, కారెన్ స్టెనర్ తేల్చిన విషయం చాలా విలువైనది. విధేయత వైపే మొగ్గే ఈ ధోరణి మామూలు రోజుల్లో నిద్రాణంగా ఉంటుంది. సమాజం చీలిపోతోందని, మన కట్టుబాటు కూలిపోతోందని భయం కలిగినప్పుడు లేచి కూర్చుంటుంది. విధేయతను మెచ్చే మనిషి సౌమ్యంగానే బతుకుతూ, ఆ భయాన్ని ఎవరైనా పనిగట్టుకుని రాజేసినప్పుడు పొరుగువాడి మీద కఠినంగా మారగలడు.

కానీ ఈ నాలుగు ప్రశ్నల్ని ఎక్కడికైనా మోసుకుపోవచ్చా? 2014లో ఎఫ్రెన్ పెరెజ్, మార్క్ హెథరింగ్టన్ అమెరికాలోనే అది కుదరదని చూపారు. నల్లజాతి అమెరికన్లకు ఇందులో ఎక్కువ మార్కులు వస్తాయి. అయినా ఆ మార్కులకు, తెల్లవాళ్ల విషయంలో ఉన్న అర్థం అక్కడ ఉండదు. మన దగ్గరా ఇదే సమస్య వస్తుందని నా అంచనా. పెద్దల పట్ల గౌరవాన్ని, స్వతంత్ర బుద్ధిని ఎదురెదురుగా పెట్టి ఒకటే ఎంచుకోమంటే తెలుగు ఇళ్లలో ఎక్కువమంది మొదటిదే అంటారు. దాన్నిబట్టి వాళ్లంతా నియంతను కోరుకుంటున్నారనడం అన్యాయం. మనకు వేరే ప్రశ్నలు కావాలి, వాటిని మన ఇళ్లు ఎరిగినవాళ్లే రాయాలి. అమ్మాయి కులం దాటి పెళ్లి చేసుకుంటానంటే తుది మాట ఎవరిది? మామగారి మాట తప్పనిపిస్తే కోడలు ఆయన ముందే ఆ సంగతి అనొచ్చా? పొలం పనికి వచ్చినవాళ్లకు టీ ఇంటి గ్లాసులోనే ఇస్తారా, వేరే గ్లాసులోనా? ఓటు ఎవరికి వేశారన్న ప్రశ్న ఇవన్నీ అడిగాక అడగాలి.