తీరికలేని ఇల్లాలి గుండెదడ



గంజాం, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో ఉంటున్న మనవాళ్ళకు 'బ్యస్త' అనే ఒడియా మాట బాగా తెలుసు. పనిలో తలమునకలుగా ఉన్న మనిషినీ బ్యస్త అంటారు, కంగారు పడుతున్న మనిషినీ బ్యస్త అంటారు. తీరిక లేకపోవడానికీ మనసు నిలకడ తప్పడానికీ వాళ్ళకు ఒకటే మాట. తెల్లవారుజామున లేచి, అన్నాలు వండి, బాక్సులు కట్టి, ఆఫీసుకో పొలానికో పరుగెత్తి, మళ్ళీ రాత్రి గిన్నెల దగ్గర తేలే ఆడమనిషిని అడగండి, ఆ మాట ఎంత సరైనదో చెబుతుంది.

మనకు మాత్రం మాటలు బోలెడు. కంగారు, గాబరా, ఆదుర్దా, బెంగ, దిగులు. పుస్తకాల్లో వాడే 'ఆందోళన'కు సంస్కృతంలో అసలు అర్థం ఊగడం. మనసు ఉయ్యాలలా అటూ ఇటూ ఊగడమన్నమాట. తర్వాత పత్రికలవాళ్ళు దాన్ని ధర్నాలకూ రాస్తారోకోలకూ వాడేశారు, అది వేరే సంగతి.

ఇన్ని మాటలుండీ, ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న ఇల్లాలి నోట ఇందులో ఒక్కటీ రాదు. "గుండె దడగా ఉంటోందండీ, అరికాళ్ళు మంటలు, తల పట్టేసినట్టుంటుంది, నిద్ర పట్టదు" అంటుంది. డాక్టరుగారు నాడి చూసి, బలానికి టానిక్ రాసి పంపేస్తారు. నెల తిరగ్గానే ఆవిడ మళ్ళీ అదే బల్ల మీద ఉంటుంది. మనసు సంగతి ఆవిడ చెప్పదు, ఆయన అడగరు. ఇలా ఎందుకయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో మనసుకు వైద్యం మొదలైంది గోడల మధ్య. మద్రాసులో 1794లోనే పిచ్చాసుపత్రి వెలిసింది. బెంగుళూరులో 1847లో మరొకటి వచ్చింది. 1912 నాటి లూనసీ చట్టం ప్రకారం మనిషిని లోపల ఉంచాలంటే సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అంటే ఆసుపత్రికీ కచేరీకీ పెద్ద తేడా లేదు. ఇంటిల్లిపాదికీ వండిపెడుతూ, లోపల్లోపల వణికిపోతున్న మనిషికి అక్కడ చోటు లేదు. ఉన్నా ఎవరు వెళ్తారు? పెళ్ళి కావలసిన చెల్లెలు ఇంట్లో ఉంటే, ఆ వీధి పేరెత్తడానికే భయం.

మరి ఆ ఆడవాళ్ళు ఏం చేసేవారు? రోకలి దగ్గరా తిరగలి దగ్గరా పక్కన ఇంకో మనిషి ఉండేది. పాట ఉండేది. నాలుగు రోజులు పుట్టింటికి పోయి రావడం ఉండేది. తట్టుకోలేనప్పుడు అమ్మవారు పూనేది, అప్పుడు అత్తగారు సైతం చేతులు కట్టుకుని వినేది. ఆ రోజులే బాగున్నాయని నేననను. ఓదార్చిన బావిగట్టు మీదే ఆడిపోసుకోవడమూ జరిగేది. కానీ పిండిమర వచ్చి తిరగలి శ్రమ తీర్చినప్పుడు, పక్కన కూర్చునే మనిషి కూడా లేచి వెళ్ళిపోయింది. ఆ ఖాళీని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

1954లో బెంగుళూరు ఆసుపత్రి పక్కనే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974 డిసెంబరులో రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. అక్కడి వైద్యులకు ఒక సంగతి త్వరలోనే అర్థమైంది. పల్లెలన్నీ బెంగుళూరు రాలేవు, బెంగుళూరే పల్లెకు వెళ్ళాలి. 1975 ప్రాంతంలో నగరం వెలుపల సకలవార గ్రామంలో ఒక కేంద్రం పెట్టి, పల్లె డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ ఏం నేర్పాలో అక్కడ తేల్చుకున్నారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాన్ని ఒక జిల్లా మొత్తంలో నడిపి చూడాలనుకున్నప్పుడు ఎంచుకున్నది బళ్ళారిని.

బళ్ళారి అంటే మనకు పరాయి ఊరు కాదు, బళ్ళారి రాఘవ ఊరు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చి, మిగిలిన జిల్లా మైసూరుకు వెళ్ళింది. అక్కడినుంచి బెంగుళూరు సుమారు 300 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి అంతదూరం వెళ్ళగల ఆడమనిషి ఎంతమందిలో ఒకరు?

1985 నుంచి 1990 దాకా ఆ జిల్లాలో జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. ఇంటింటికీ తిరిగే కార్యకర్తలకు లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. ముఖ్యమైన మందులు కొన్ని ఆ కేంద్రాల్లోనే దొరికేట్టు చూశారు. జిల్లా కేంద్రంలో మానసిక వైద్య విభాగం నడిపారు. జలుబుకు మందిచ్చే గదిలోనే మనసుకూ మందు దొరికింది. ఆ గడపలోకి వెళ్ళే మనిషిని వీధి వింతగా చూడదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మేలు ఇదే.

ఈ బళ్ళారి పద్ధతినే ఆధారం చేసుకుని 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్, తమిళనాడులోని తిరుచిరాపల్లి ఉన్నాయి.

లోటు కూడా చెప్పాలి. ఆ కార్యక్రమంలో పెద్దపీట వేసింది తీవ్రమైన మతిభ్రమకూ మూర్ఛకూ. అది తప్పని అనలేం. కానీ పనిచేస్తూనే, నవ్వుతూనే, లోపల దడతో బతికే ఇల్లాలు వరుసలో వెనకే నిలబడిపోయింది. ఇంకొకటి భాష. సరిహద్దులో మనందరికీ రెండు భాషలు వచ్చు. సంతలో బేరం కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఆడేస్తాం. 'గుండెల్లో రాయి పడ్డట్టుంది' అన్న మాటను మాత్రం ఇంకో భాషలోకి మార్చి చెప్పబోతే, చివరికి మిగిలేది గుండెనొప్పి ఒక్కటే. డాక్టరు ఈసీజీ తీయిస్తారు. అది బాగానే ఉంటుంది. "ఏమీ లేదమ్మా, వెళ్ళు" అంటారు.

ఏమీ లేకపోవడం కాదది. మీకు దడ, నిద్రలేమి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, ముందు రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్ష చేయించండి. ఆ రెండూ అచ్చం ఇలాగే కనిపించవచ్చు. అవి లేవని తేలితే, "నాకు కంగారుగా ఉంటోంది, ఫలానా విషయం మనసులో తిరుగుతోంది" అని డాక్టరుతో నోరు తెరిచి చెప్పండి. పక్కింటావిడ వేసుకుంటోందని నిద్రమాత్ర అడిగి తెచ్చుకోకండి, వాటిలో కొన్ని అలవాటుపడి వదలవు. దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కిస్తూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కిస్తూ నిదానంగా వదలండి. పొయ్యి దగ్గర నిలబడి కూడా చేయవచ్చు. సాయంత్రం కాఫీ తగ్గించి చూడండి. ఇంట్లో ఒక పని, ఒక్కటంటే ఒక్కటి, పూర్తిగా ఇంకొకరికి అప్పగించండి. వాళ్ళు సరిగ్గా చేయకపోయినా వెనకాలే వెళ్ళి సర్దకండి. అన్నిటిలోకీ కష్టమైంది ఇదే, నాకు తెలుసు.

2022 అక్టోబరు 10 నుంచి 'టెలి మానస్' అనే ప్రభుత్వ ఫోను సేవ నడుస్తోంది. బెంగుళూరు నిమ్హాన్స్ దానికి పెద్ద దిక్కు. నంబరు 14416. పగలైనా రాత్రైనా చేయవచ్చు, డబ్బు పడదు. మీరున్న రాష్ట్రాన్ని బట్టి మొదట కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో వినిపించవచ్చు. తెలుగులో మాట్లాడాలని అడగండి.