ఇంజినీరింగ్ డ్రాయింగ్: అరకు ఘాట్ రైలుదారి ఉదాహరణగా

కట్టబోయే వస్తువు ఆకారాన్ని, కొలతలను అందరికీ ఒకే అర్థం వచ్చేలా గీతల్లో చెప్పే పద్ధతి ఇంజినీరింగ్ డ్రాయింగ్. గీసినవాడు పక్కన లేకపోయినా పనివాడు పొరబడకూడదు. నియమాలన్నీ పుట్టింది అందుకే. తూర్పు కనుమల్లో వీటి అవసరం తెలియాలంటే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గాన్ని చూడాలి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన ఈ లైను, 50కి పైగా సొరంగాలతో, బొర్రా గుహలు దాటి, సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ మీదుగా అరకు చేరుతుంది.

ఒక వస్తువును ఎదురుగా, పైనుంచి, పక్కనుంచి చూసి విడివిడిగా గీయడం మొదటి పాఠం. వీటినే ఎలివేషన్, ప్లాన్, సైడ్ వ్యూ అంటారు. ఈ శాస్త్రానికి 18వ శతాబ్దం చివర పునాది వేసినవాడు ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్. మన దేశంలో వాడేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ఇందులో ప్లాన్ ఎలివేషన్‌కు కిందికి వస్తుంది, ఎడమవైపు నుంచి చూసింది కుడివైపుకు వస్తుంది. అమెరికాలో అమరిక దీనికి తలకిందులు. కాబట్టి ఏ పద్ధతో తెలిపే శంకువు గుర్తును షీటు మీద వేయకపోతే డ్రాయింగ్ సగమే చెప్పినట్టు.

కనిపించే అంచుకు లావు గీత, కనిపించని అంచుకు తెగిన గీత, మధ్యరేఖకు పొడుగు గీతా పొట్టి గీతా మార్చి మార్చి వచ్చే సన్నటి గొలుసు గీత వాడతారు. కోసి చూపిన భాగాన్ని 45 డిగ్రీల సన్నగీతలతో నింపుతారు. కొలతలు మిల్లీమీటర్లలో ఉంటే ప్రతి అంకె పక్కనా ఆ మాట రాయరు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం డ్రాయింగ్‌లో ‘1676’ అని మాత్రమే కనిపిస్తుంది. అయితే నేల మట్టాలను మీటర్లలో రాస్తారు. కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఘాట్ దారికి అసలు చిక్కు స్కేలుతో వస్తుంది. 60 మీటర్లు నడిస్తే 1 మీటరు ఎక్కే వాలు రైలుకు చాలా నిటారు. కోణం లెక్కన చూస్తే మాత్రం అది ఒక డిగ్రీకి కాస్త తక్కువే. కిలోమీటరు దారిని 1:5000 స్కేలులో గీస్తే కాగితం మీద 200 మిల్లీమీటర్లు పడుతుంది. ఆ కిలోమీటరులో రైలు ఎక్కిన 16.7 మీటర్లు మాత్రం 3.3 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతాయి. ఇంత కొండా కాగితం మీద మైదానమే! అందుకే రైల్వేవాళ్లు ఎల్ సెక్షన్ అని పిలిచే నిలువు కోతలో ఎత్తుకు వేరే స్కేలు తీసుకుంటారు. అది 1:500 అయితే అదే ఎక్కుడు 33 మిల్లీమీటర్లు అవుతుంది. అక్కడ కొండ పదింతలు నిటారుగా కనిపిస్తుంది. ఇది తెలిసి చేసిన వక్రీకరణ. రెండు స్కేళ్లూ షీటు మీద రాసి ఉంటే అది మోసం కాదు. నేల గీత దారి గీతకు పైన ఉంటే అక్కడ కొండను తవ్వాలి, కింద ఉంటే కట్ట పోయాలి. తవ్వకం మరీ లోతైతే సొరంగం గురించి ఆలోచించాలి.

మలుపులనూ మాట్లాడే భాషలో కాక డిగ్రీల్లో రాస్తారు. బ్రాడ్‌గేజ్‌లో 1750ని డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. కాబట్టి 4 డిగ్రీల మలుపంటే సుమారు 437 మీటర్ల వ్యాసార్ధం. మలుపులో చక్రాలకు ఒరిపిడి ఎక్కువ కనుక డిగ్రీకి 0.04 శాతం చొప్పున వాలు తగ్గించాలి. అలా 60కి 1 వాలు అక్కడ దాదాపు 66కి 1 అవుతుంది.

సెక్షన్‌లో మట్టి, గట్టి రాయి, శిథిలమైన రాయి తేడా చెప్పే గుర్తులూ ఉంటాయి. ఈ కొండల్లో విరివిగా దొరికే ఖోండలైట్ పేరు ఇక్కడి కోందు ప్రజల నుంచే వచ్చింది. తేలిగ్గా శిథిలమయ్యే రాయి కావడంతో ఘాట్‌లో చరియల బెడద ఎక్కువ. సెక్షన్‌లో ఆ గుర్తు తప్పితే కోత గోడ వాలు తప్పుతుంది.

షీటు కుడివైపు కింది మూలన ఉండే టైటిల్ బ్లాకులో పేరు, స్కేలు, తేదీ, మార్పు సంఖ్య ఉంటాయి. అనుభవజ్ఞులు ముందు చూసేది బొమ్మను కాదు, ఆ మార్పు సంఖ్యను. పాత ప్రింటు పట్టుకుని పని మొదలుపెడితే గీతలన్నీ ఒప్పే అయినా కట్టడం తప్పు. షీటు పరిమాణాల్లో పెద్దదైన ఏ0 (841 × 1189 మి.మీ.) వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి సగం మడుస్తూ పోతే ఏ4 వస్తుంది. మన దేశంలో ఈ నియమాలను భారతీయ ప్రమాణాల సంస్థ ఎస్‌పీ 46 పేరిట ఒకచోట చేర్చింది.

ఈసారి అరకు వెళ్లే రైలెక్కితే కిటికీలోంచి పట్టాల పక్కన చూడండి. చేతుల్లాంటి పలకలతో పొట్టి స్తంభాలు కనిపిస్తాయి. వాటి మీది అంకెలు ఆ చోటి వాలును చెబుతాయి. ‘60’ అని ఉంటే ఎల్ సెక్షన్‌లోని అంకె అక్కడ నేల మీదికి దిగిందన్నమాట.